ర్యామ్ పెంచితే కంప్యూటర్ నెమ్మదించింది: కెర్నల్ బూట్‌లో క్యాష్ చిక్కులు

(హనుమకొండలో ఇంజనీరింగ్ విద్యార్థులు, కంప్యూటర్ రిపేర్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. కమాండ్ల స్పెల్లింగ్ అప్పుడు తెర మీద చూపించారు, ఇక్కడ పలికిన తీరులోనే రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లు కొంచెం ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తెర మీద అంకెలు చిన్నగా ఉంటాయి, అక్కడి నుంచి కనిపించవు. ఈరోజు మొత్తం పని ఆ అంకెలతోనే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కెర్నల్ అంటే లినక్స్‌లో మెషిన్‌ను నడిపే అసలు ప్రోగ్రామ్, క్యాష్ అంటే ప్రాసెసర్ దగ్గరే ఉండి డేటా కాపీలు పెట్టుకునే చిన్న, వేగమైన మెమరీ. కంప్యూటర్ ఆన్ చేశాక కెర్నల్ లేచే టైంలో, మెమరీలో ఏ భాగాన్ని క్యాష్ చేయాలి, ఏ భాగాన్ని చేయకూడదు అనేదానికి ఒక సెట్టింగ్ ఉంటుంది. అది తప్పితే ఏ ఎర్రరూ రాదు. స్క్రీన్ నీలంగా మారదు, కెర్నల్ ప్యానిక్ కాదు, బీప్ కూడా కొట్టదు. అన్నీ పనిచేస్తాయి, కానీ అన్నీ నెమ్మదిగా పనిచేస్తాయి. అందుకే జనం హార్డ్‌డిస్క్ మారుస్తారు, లినక్స్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, వైరస్ అంటారు, చివరికి మెషిన్ పాతబడింది అని సగం ధరకు అమ్మేస్తారు. బాగున్న మెషిన్లు అట్లా పోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. నెమ్మదించడం కూడా బగ్గే. క్రాష్‌ని ఎంత సీరియస్‌గా తీసుకుంటామో దీన్నీ అంతే సీరియస్‌గా తీసుకోవాలి. ఈ బగ్గును పట్టుకోవడానికి ముందు చేయాల్సిన పని ఏ పారామీటరూ మార్చడం కాదు. రెండు పట్టీలు పక్కపక్కన పెట్టుకుని, పెన్నూ పేపరూ తీసుకుని కూడికలు, తీసివేతలు చేయడం. ఆ రెండు పట్టీలు ఏంటో చెప్తాను.

ముందు తేడా ఎంత ఉంటుందో చూడండి. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ అనుకుందాం. ఎల్1, అంటే ప్రాసెసర్‌కు అన్నిటికన్నా దగ్గరి క్యాష్‌లో ఉన్న డేటా అందుకోవడానికి నాలుగైదు సైకిల్స్, అంటే ఒకటిన్నర నానోసెకన్లు పడుతుంది. అదే ర్యామ్ దాకా పోయి రావాలంటే దాదాపు 60 నుంచి 100 నానోసెకన్లు. మామూలుగా మనకు ఈ దెబ్బ తెలియదు, ఎందుకంటే ర్యామ్ దాకా ఒక్కసారి పోయినప్పుడు ప్రాసెసర్ 64 బైట్ల లైన్ మొత్తం తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది, తర్వాత అడిగే ఏడెనిమిది విలువలు అందులోనే దొరుకుతాయి. అదే మెమరీ అన్‌క్యాషబుల్, అంటే క్యాష్ చేయకూడనిది అయిందనుకోండి, ప్రతి విలువకూ మళ్లీ ర్యామ్ దాకా పోవాల్సిందే. ఒక్క డేటా మాత్రమే కాదు, ఆ భాగంలో కోడ్ ఉంటే ఇన్‌స్ట్రక్షన్లు కూడా అట్లాగే తెచ్చుకోవాలి. పది శాతం, ఇరవై శాతం నెమ్మదించడం గురించి కాదు నేను చెప్పేది, పదుల రెట్ల గురించి.

మరి అన్‌క్యాషబుల్ అనేది అసలు ఎందుకు పెట్టారు? ప్రతి అడ్రస్ వెనకా ర్యామ్ ఉండదు కాబట్టి. కొన్ని అడ్రస్‌ల వెనక నెట్‌వర్క్ కార్డు ఉంటుంది, డిస్క్ కంట్రోలర్ ఉంటుంది. నెట్‌వర్క్ కార్డు స్టేటస్ రిజిస్టర్‌ని క్యాష్‌లోంచి చదివితే ఎప్పటిదో పాత విలువ వస్తుంది, ప్యాకెట్ వచ్చినా రాలేదనే చెప్తుంది. ఆ అడ్రస్‌లు అన్‌క్యాషబుల్‌గా ఉండి తీరాలి. గ్రాఫిక్స్ మెమరీకి ఇంకో రకం కావాలి, రాతలన్నీ కూడబెట్టి ఒకేసారి పంపేది, దాన్ని రైట్ కంబైనింగ్ అంటారు. మామూలు ర్యామ్‌కు రైట్ బ్యాక్, అంటే రాసింది ముందు క్యాష్‌లోనే ఉంచుకుని తర్వాత ర్యామ్‌కు పంపేది. ఇంకా రైట్ త్రూ, రైట్ ప్రొటెక్ట్ ఉన్నాయి. ఇంటెల్ వాళ్లు వీటికి నంబర్లు ఇచ్చారు: అన్‌క్యాషబుల్ 0, రైట్ కంబైనింగ్ 1, రైట్ త్రూ 4, రైట్ ప్రొటెక్ట్ 5, రైట్ బ్యాక్ 6. ఈరోజుకు 0, 6 గుర్తుంటే చాలు.

ఏ అడ్రస్ ఏ రకమో చెప్పే రిజిస్టర్లను, అంటే ప్రాసెసర్ లోపల అంకెలు రాసుకునే చిన్న గడులను, ఎంటీఆర్ఆర్ అంటారు. 1995లో పెంటియం ప్రోతో వచ్చాయి. మొదటి ఒక్క మెగాబైట్‌కు ఫిక్స్‌డ్ రిజిస్టర్లు పదకొండు ఉంటాయి, అవి ఆ మెగాబైట్‌ను 88 ముక్కలు చేసి ఒక్కో ముక్కకు రకం చెప్తాయి. దాంట్లో గొడవలు తక్కువ, వదిలేద్దాం. అసలు గొడవ వేరియబుల్ రిజిస్టర్లతో. చాలా ప్రాసెసర్లలో ఇవి 8 గానీ 10 గానీ ఉంటాయి. వీటికి రెండు షరతులు. సైజు రెండు ఘాతాల్లోనే ఉండాలి, అంటే 256 మెగాబైట్లు, 512, 1024, 2048 ఇట్లా. మొదలయ్యే అడ్రస్ ఆ సైజుకు గుణిజం కావాలి.

ఇంట్లో షాబాదు బండలు పరిచిన మేస్త్రీని ఊహించుకోండి. అతనికి ఇచ్చిన బండలు ఒక అడుగు, రెండడుగులు, నాలుగడుగులు, ఎనిమిదడుగులు, అంతే. మూడడుగుల బండ లేదు, కోయడానికి మిషన్ లేదు. నాలుగడుగుల బండ సున్నా దగ్గరైనా పెట్టాలి, నాలుగు దగ్గరైనా, ఎనిమిది దగ్గరైనా పెట్టాలి, మూడు దగ్గర పెట్టనివ్వరు. మొత్తం ఎనిమిది బండల్లో గది నిండాలి. ఒక్క వెసులుబాటు ఉంది: తెల్ల బండ మీద నల్ల బండ వేస్తే నల్లదే లెక్క. ఎంటీఆర్ఆర్‌లో ఆ నల్ల బండ అన్‌క్యాషబుల్. ఒకే చోట రైట్ బ్యాక్, అన్‌క్యాషబుల్ రెండూ పడితే అన్‌క్యాషబుల్ గెలుస్తుంది. ఇంక ఏ బండా పడని చోట డిఫాల్ట్ టైప్ వర్తిస్తుంది. చాలా బయోస్‌లు, అంటే ఆన్ చేయగానే బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రామ్‌లు, ఆ డిఫాల్ట్‌ను అన్‌క్యాషబుల్‌గానే వదిలేస్తాయి.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి మీకు. పేజ్ టేబుల్స్, అంటే మెమరీని పేజీలనే చిన్న ముక్కలు చేసి ఏది ఎక్కడుందో రాసుకునే లెక్కలు, కెర్నల్ చేతిలో ఉన్నాయి కదా, అక్కడ రైట్ బ్యాక్ అని రాసుకుంటే సరిపోదా అని. పెంటియం త్రీ నుంచి పాట్ అని ఇంకో ఏర్పాటు ఉంది నిజమే, పేజీ పేజీకీ రకం చెప్పొచ్చు. మీ మెషిన్ బూట్ లాగ్‌లో, అంటే లేచేటప్పుడు కెర్నల్ రాసే చిట్టాలో, పాట్ కాన్ఫిగరేషన్ అని ఒక లైన్, దాని పక్కన ఎనిమిది రకాలు వరసగా కనిపిస్తాయి, అదే ఇది. కానీ ప్రాసెసర్ ఎంటీఆర్ఆర్ చెప్పిందీ, పాట్ చెప్పిందీ రెండూ కలిపి చూస్తుంది. ఎంటీఆర్ఆర్ అన్‌క్యాషబుల్ అన్న చోట పాట్ రైట్ కంబైనింగ్ అంటే ఒప్పుకుంటుంది. రైట్ బ్యాక్ అంటే ఒప్పుకోదు, అన్‌క్యాషబుల్‌గానే ఉంచుతుంది. అంటే బయోస్ ఎంటీఆర్ఆర్‌లో ర్యామ్‌ను కప్పకుండా వదిలేస్తే, కెర్నల్ పేజ్ టేబుల్స్‌లో ఏం రాసినా లాభం లేదు. ఈ ముక్క అర్థం కాకనే చాలామంది తప్పు చోట వెతుకుతూ రోజులు పోగొట్టుకుంటారు.

ఇప్పుడు రెండు పట్టీలకు వద్దాం. మొదటిది ఇ820. ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్ దాకా వాడుకోదగ్గ ర్యామ్ ఉందో బయోస్ కెర్నల్‌కు ఇచ్చే పట్టీ. డీమెసేజ్ కమాండ్ కొడితే బూట్ లాగ్ వస్తుంది, మొదటి పాతిక ముప్పై లైన్లలోనే ఉంటుంది, పక్కన యూజబుల్, రిజర్వ్‌డ్ అని రాసి ఉంటుంది. రెండోది ఎంటీఆర్ఆర్ పట్టీ, ప్రాక్ డైరెక్టరీలో ఎంటీఆర్ఆర్ అనే ఫైల్ తెరిస్తే వస్తుంది. రెండూ రాసేది ఆ ఒక్క బయోసే. కానీ ఒకదానికొకటి సరిపోయిందా అని చూసే బాధ్యత బయోస్‌లో చాలాసార్లు ఎవరూ తీసుకోలేదు. 2008లో లినక్స్ కెర్నల్‌లోకి ఆ తనిఖీ వచ్చింది. డిఫాల్ట్ అన్‌క్యాషబుల్ అయ్యి, ఇ820లో ర్యామ్ అని ఉన్న చోటును ఎంటీఆర్ఆర్ కప్పకపోతే, కెర్నల్ ఆ ర్యామ్‌ను కత్తిరించి పక్కన పెడుతుంది. బయోస్ బగ్, ఎంటీఆర్ఆర్‌లు మెమరీ మొత్తాన్ని కప్పడం లేదు, ఇన్ని మెగాబైట్లు పోతున్నాయి అని బూట్ లాగ్‌లో వార్నింగ్ ఇస్తుంది. నెమ్మదైన ర్యామ్ ఉండటం కన్నా అది లేకపోవడమే మేలు అని కెర్నల్ వాళ్లు తీసుకున్న నిర్ణయం అది. సరైన నిర్ణయం అని నా అభిప్రాయం, ఎందుకో ఒక మెషిన్ కథ చెప్తే మీకే తెలుస్తుంది.

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణం. మిర్చి సీజన్. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెస్క్‌టాప్ మీద లినక్స్ వేసుకుని, బిల్లులూ తక్‌పట్టీలూ దాంట్లోనే కొడతారు. 4 జీబీ ఉంటే చాలడం లేదని ఎవరితోనో 8 జీబీ చేయించారు. ర్యామ్ పెంచిన తర్వాతనే ఇట్లయింది సార్, అంతకుముందు బాగుండె అని గుమాస్తా మొత్తుకుంటున్నాడు. నమ్మబుద్ధి కాదు కదా, ర్యామ్ పెంచితే నెమ్మదించడమేంది అని. కొత్త ర్యామ్ స్టిక్ పాడైందేమో అని ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెడితే ఒక్క తప్పూ చూపించదు. చూపించదు మరి, స్టిక్ బాగానే ఉంది.

మీరు ఎప్పుడైనా కస్టమర్ నోట ఇట్లాంటి మాట వింటే, ర్యామ్ పెంచాక నెమ్మదించింది అని, వెంటనే చెవులు నిక్కబొడుచుకోవాలి. వాళ్లు చెప్పేది నిజం.

బూట్ లాగ్‌లో టైమ్ స్టాంపులు చూడండి ముందు. ఏదో ఒక డివైస్ జవాబు ఇవ్వక కెర్నల్ ఎదురుచూస్తుంటే, ఒక లైన్‌కీ తర్వాతి లైన్‌కీ మధ్య పది సెకన్లో ముప్పై సెకన్లో పెద్ద ఖాళీ కనిపిస్తుంది, మిగతా లైన్లన్నీ మామూలుగా ఉంటాయి. ఈ మెషిన్‌లో అట్లా ఒక్క చోట ఆగడం లేదు. మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా అంతా సమానంగా సాగదీసినట్టు ఉంది. అది డివైస్ గొడవ కాదు, మెమరీ గానీ ప్రాసెసర్ గానీ అని అక్కడే తేలిపోతుంది. సిస్టమ్‌డీ అనలైజ్ కొడితే కెర్నల్‌కు ఎంత, ఆ తర్వాత యూజర్‌స్పేస్‌కు, అంటే మిగతా ప్రోగ్రామ్‌లకు, ఎంత పట్టిందో విడిగా చెప్తుంది కానీ, ఈ గొడవలో రెండూ పెరిగే ఉంటాయి.

ఇప్పుడు ఇ820 చూద్దాం. అంకెలను మెగాబైట్లలోకి మార్చి చెప్తాను. 0 నుంచి 3584 దాకా ర్యామ్. 3584 నుంచి 4096 దాకా ర్యామ్ లేదు, ఆ 512 మెగాబైట్లు పీసీఐ డివైస్‌ల అడ్రస్‌లకు వదిలిన చోటు. ఆ చోటు వల్ల అడ్రస్ లేకుండా పోయిన ర్యామ్‌ను పైకి జరిపారు, కాబట్టి 4096 నుంచి 8704 దాకా మళ్లీ ర్యామ్. కూడండి: 3584, 4608, కలిపితే 8192. మొత్తం 8 జీబీ లెక్క సరిపోయింది. కానీ చివరి అడ్రస్ 8192 దగ్గర ఆగలేదు, 8704 దాకా పోయింది. దీన్ని అండర్‌లైన్ చేసుకోండి.

ఎంటీఆర్ఆర్ ఫైల్‌లో మూడే లైన్లు. సున్నా నుంచి 4096 మెగాబైట్లు, రైట్ బ్యాక్. 4096 నుంచి ఇంకో 4096, రైట్ బ్యాక్. 3584 నుంచి 512, అన్‌క్యాషబుల్, అంటే డివైస్‌ల చోటు మీద వేసిన నల్ల బండ. ఇంతే. ఇప్పుడు మీరే చెప్పండి, ఏది కప్పలేదు?

(సభలో ఒకరు: 8192 నుంచి 8704.)

శభాష్. సరిగ్గా 512 మెగాబైట్లు. 8 జీబీ ర్యామ్ అంటే 8192 దాకా కప్పితే చాలు అనుకుని ఆ బయోస్ రాసినవాళ్లు ఆగిపోయారు, పైకి జరిపిన ముక్క సంగతి చూసుకోలేదు. 4 జీబీ ఉన్నంతకాలం ఈ తప్పు ఎందుకు బయటపడలేదో ఆ బయోస్ కోడ్ చూస్తే తప్ప చెప్పలేం, నాకు దొరికింది రెండు పట్టీలే. కానీ కావాల్సిందేమో ఎంత చిన్నది! ఇంకొక్క రిజిస్టర్, 8192 దగ్గర మొదలై 512 సైజు. 8192 ని 512 తో భాగిస్తే శేషం లేదు, షరతు కూడా సరిపోయింది. రిజిస్టర్లు ఐదు ఖాళీగా ఉన్నాయి.

మరి కెర్నల్ ఆ 512ని కత్తిరించాలి కదా, నెమ్మదించడం ఎందుకు? కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కించే బూట్‌లోడర్ గ్రబ్, దాని కాన్ఫిగ్ తెరిస్తే తెలిసింది. డిసేబుల్ ఎంటీఆర్ఆర్ ట్రిమ్, అంటే కత్తిరించొద్దు అనే పారామీటర్ ఎవరో పెట్టారు. కత్తిరింపు మెసేజ్ చూసి, పైసలు పెట్టి కొన్న ర్యామ్ పోతోందని ఇంటర్నెట్‌లో వెతికి, దొరికిన ఒక లైన్ అతికించారు. ర్యామ్ లెక్క తిరిగి వచ్చింది, మెషిన్ స్పీడ్ పడిపోయింది. కత్తిరించొద్దు అని చెప్తే కెర్నల్ కత్తిరించడం మానేస్తుంది, అంతేగానీ ఆ ర్యామ్‌కు క్యాష్ రాదు. దయచేసి ఈ పారామీటర్‌ను మందులాగా ఎవరికీ చెప్పకండి.

ఇంకో సందేహం ఉండాలి మీకు. 8 జీబీలో 512 ఎంబీ మాత్రమే నెమ్మది అయితే, మొత్తం మెషిన్ ఎందుకు ఈడ్చుకుంటూ నడుస్తోంది? పదహారో వంతు కదా. దీనికి జవాబు నాకు చాలా ఇష్టమైన భాగం. కెర్నల్ లేచేటప్పుడు తన సొంత అవసరాలకు మెమరీని పైనుంచి కిందికి తీసుకుంటూ వస్తుంది. అంటే అందరికన్నా ముందు ఆ చివరి అడ్రస్‌లలో చోటు దక్కేది కెర్నల్ సొంత లెక్కల పుస్తకాలకే. ప్రతి 4 కేబీ పేజీకీ కెర్నల్ దగ్గర ఒక చిన్న రికార్డు ఉంటుంది, మామూలుగా 64 బైట్లు. 8 జీబీకి దాదాపు 21 లక్షల పేజీలు, 64 తో హెచ్చిస్తే 128 ఎంబీ. ఈ 128 ఎంబీ పోయి ఎక్కువ భాగం ఆ అన్‌క్యాషబుల్ 512లో కూర్చుంటుంది. ప్రోగ్రామ్‌కు ఒక పేజీ ఇవ్వాలన్నా, వెనక్కి తీసుకోవాలన్నా, ఫైల్ చదవాలన్నా ఆ రికార్డులను ముట్టుకోవాల్సిందే. కాబట్టి మీ బిల్లుల ప్రోగ్రామ్ మంచి ర్యామ్‌లోనే ఉన్నా, దాని కోసం కెర్నల్ చేసే ప్రతి పనీ నెమ్మదే.

ఇది నిజమా కాదా అని నిమిషంలో తేల్చే పరీక్ష ఉంది. బూట్ లైన్‌లో మెమ్ ఈక్వల్ టు 8జీ అని ఇచ్చి లేపండి. 8 జీబీ ఉన్న మెషిన్‌లో 8జీ అని పెడితే ఏం మారుతుంది అనిపిస్తుంది, కానీ ఆ పారామీటర్ కోసేది అడ్రస్‌ను, సైజును కాదు. 8192 పైన ఉన్నదంతా తీసేస్తుంది. ఆ అడ్తి దుకాణం మెషిన్ అట్లా లేపితే కొత్తదానిలా పరిగెత్తింది. అక్కడితో రోగం నిర్ధారణ అయిపోయినట్టే. గ్రబ్ మెనూలో ఈ అనే కీ నొక్కి ఆ ఒక్కసారికి మాత్రమే ఇవ్వొచ్చు, కాన్ఫిగ్ ఫైల్ ముట్టుకోనవసరం లేదు.

మందు ఏంటి? బయోస్ అప్‌డేట్, దొరికితే. ఆ బోర్డుకు దొరికింది, ఎక్కించాక ఎంటీఆర్ఆర్ ఫైల్‌లో నాలుగో లైన్ వచ్చింది, గ్రబ్‌లోంచి ఆ పారామీటర్ తీసేశాం, పని అయిపోయింది. కొన్ని బోర్డుల బయోస్ సెటప్‌లో ఎంటీఆర్ఆర్ మ్యాపింగ్ కంటిన్యువస్సా డిస్క్రీటా అని అడుగుతుంది, మెమరీ రీమ్యాప్ అని ఇంకోటి ఉంటుంది, అవి మార్చి మళ్లీ రెండు పట్టీలూ చూడాలి. అప్‌డేట్ లేదు, ఆప్షనూ లేదు అంటే, పారామీటర్లేవీ లేకుండా వదిలేయండి, కెర్నల్ 512 కత్తిరిస్తుంది, 7.5 జీబీతో మెషిన్ హాయిగా నడుస్తుంది. గుమాస్తాకు 7.5తో పోయే పని 8తోనే కావాలని లేదు. ఎంటీఆర్ఆర్ ఫైల్‌లోకే రాసి రిజిస్టర్ కలపడం కుదురుతుంది, రూట్ అయితే చాలు. కానీ ఒకసారి బూట్‌లో కత్తిరించేసిన ర్యామ్ ఆ తర్వాత రిజిస్టర్ కలిపినంత మాత్రాన తిరిగి రాదు, నిర్ణయం అప్పటికే అయిపోయింది. పైగా డివైస్ ఉన్న చోటుకు పొరపాటున రైట్ బ్యాక్ అని రాశారంటే మెషిన్ హ్యాంగ్ అవ్వడమో, డేటా పాడవడమో జరుగుతుంది. దుకాణం లెక్కలున్న మెషిన్ మీద ఆ ప్రయోగం వద్దు.

ఇంకో పారామీటర్ పేరు తరచూ వినిపిస్తుంది, ఎనేబుల్ ఎంటీఆర్ఆర్ క్లీనప్. ర్యామ్ పోతోంది అనగానే ఇది పెట్టమంటారు. ఇది చేసేది వేరే పని. ఇప్పటికే కప్పిన చోటును వేరే తీరులో మళ్లీ పరిచి, గ్రాఫిక్స్ డ్రైవర్ కోసం ఒకట్రెండు రిజిస్టర్లు ఖాళీ చేస్తుంది. అది లెక్కలోకి తీసుకునేది ఎంటీఆర్ఆర్‌లో ఉన్నదాన్నే కాబట్టి, కప్పని చోటును కొత్తగా కప్పదు. పాత రోజుల్లో, తెర మీద బొమ్మలు గీసే ఎక్స్ సర్వర్‌కు రైట్ కంబైనింగ్ రిజిస్టర్ దొరకనప్పుడు చాలా పనికొచ్చింది. ఇప్పటి డ్రైవర్లు ఆ పని పాట్‌తో చేసుకుంటాయి. అందుకే చెప్తున్నా, పారామీటర్ పేరులో ఎంటీఆర్ఆర్ ఉంది కదా అని పెట్టేయకండి, అది ఏ పట్టీని మారుస్తుందో అడగండి.

ఇక ప్రాసెసర్ల సంగతి. ఎంటీఆర్ఆర్‌లు మెషిన్‌కు ఒక సెట్ కాదు, ప్రతి ప్రాసెసర్‌కూ విడిగా ఉంటాయి, అన్నిట్లో ఒకేలా ఉండాలి. బయోస్ మొదటి ప్రాసెసర్‌కు మాత్రమే సరిగ్గా పెట్టి మిగతావి మర్చిపోవడం కూడా జరిగింది. అట్లాంటప్పుడు మీ సీపీయూల సెట్టింగులు ఒకేలా లేవు, బహుశా బయోస్ అన్నిటినీ సెటప్ చేయలేదు, కాన్ఫిగరేషన్ సరిచేశాం అనే అర్థంలో కెర్నల్ మూడు నాలుగు లైన్లు రాస్తుంది. సరిచేసింది కాబట్టి సాధారణంగా భయం లేదు, కానీ ఆ లైన్లు కనపడితే ఆ బయోస్ మీద నమ్మకం తగ్గించుకోండి. సస్పెండ్ నుంచి లేచాక కూడా కెర్నల్ ఈ రిజిస్టర్లను మళ్లీ రాస్తుంది. కంటితో చూసుకోవాలంటే ఇట్లాంటి ప్రాసెసర్ రిజిస్టర్లను చదివే ఎంఎస్ఆర్ టూల్స్ ప్యాకేజీ వేసుకుని, ఎంఎస్ఆర్ మాడ్యూల్ లోడ్ చేసి, ఆర్‌డీఎంఎస్ఆర్ మైనస్ ఏ అని హెక్స్‌లో 2ఎఫ్ఎఫ్ చదవండి. డిఫాల్ట్ టైప్ ఉండేది అక్కడే. ప్రతి కోర్‌కూ ఒక లైన్ వస్తుంది. సీ00 అని వస్తే ఎంటీఆర్ఆర్‌లు ఆన్‌లో ఉన్నాయి, డిఫాల్ట్ అన్‌క్యాషబుల్ అని. సీ06 అంటే డిఫాల్ట్ రైట్ బ్యాక్. ఏ కోర్ దగ్గరైనా అంకె మారితే అక్కడ ఆగండి. వేరియబుల్ రిజిస్టర్లు హెక్స్ 200 నుంచి జంటలుగా ఉంటాయి, పాట్ హెక్స్ 277లో. చదవడం వల్ల నష్టం లేదు, రాయడం మాత్రం వద్దు. రిజిస్టర్ మార్చాలంటే అన్ని ప్రాసెసర్లనూ ఒక్కచోట ఆపి, క్యాష్ ఆపేసి, ఖాళీ చేసి, మార్చి, మళ్లీ ఆన్ చేయాలి. కెర్నల్ ఆ క్రమమంతా పాటిస్తుంది, కమాండ్ లైన్‌లోంచి నేరుగా రాస్తే అదేమీ జరగదు.

కెర్నల్ నుంచి మొదటి లైన్ రాకముందే నెమ్మదిగా ఉంటే? గ్రబ్ అయిపోయింది, స్క్రీన్ ఖాళీ, చాలాసేపు ఏమీ లేదు, తర్వాత ఒక్కసారిగా అన్నీ వచ్చాయి. లాగ్‌లో టైమ్ సున్నా నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ ఆలస్యం లాగ్‌లో ఉండదు. ఆ టైంలో కెర్నల్ తనని తాను డీకంప్రెస్ చేసుకుంటోంది, అది పూర్తిగా మెమరీ పని, క్యాష్ లేకపోతే మొట్టమొదట దెబ్బ తగిలేది అక్కడే. సీరియల్ పోర్ట్ ఉన్న మెషిన్ అయితే కేబుల్ పెట్టి, ఎర్లీప్రింట్‌కే సీరియల్ అని ఇచ్చి, ఇవతలి కంప్యూటర్‌లో సీరియల్ లైన్లు చూపించే మినికామ్ ప్రోగ్రామ్‌లో టైమ్ స్టాంప్ ఆన్ చేసి పట్టుకోండి. అప్పుడు టైమ్ ఇవతలి గడియారంది, దాన్ని నమ్మొచ్చు. కొత్త కెర్నల్‌లలో ఎంటీఆర్ఆర్ ఈక్వల్ టు డీబగ్ అని ఇస్తే, ఏ రేంజ్ ఏ రకమో బూట్ లాగ్‌లోనే వివరంగా రాస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: అన్నా, మా ల్యాప్‌టాప్ కూడా బూట్ నుంచే నెమ్మది. రెండు పట్టీలు చూశాను, అంతా కప్పే ఉంది. మరి?)

మంచి ప్రశ్న. అప్పుడు మెమరీని వదిలేసి ప్రాసెసర్ వైపు చూడు తమ్మీ. మెమరీని దాదాపు ముట్టుకోని చిన్న లూప్ ఒకటి రాసి నడుపు, కొన్ని రిజిస్టర్లలో కూడికలు మాత్రమే చేసేది. అది కూడా నెమ్మదిగా ఉంటే ప్రాసెసర్ తన స్పీడ్ తానే తగ్గించుకుంది. వేడెక్కడం, ఫ్యాన్‌లో దుమ్ము, ఛార్జర్‌ను ల్యాప్‌టాప్ గుర్తుపట్టకపోవడం, ఇట్లాంటివి ఉంటాయి. లూప్ వేగంగా ఉండి, పెద్ద అరేని నడిచే ప్రోగ్రామ్ మాత్రమే నెమ్మదిగా ఉంటే మళ్లీ మెమరీ వైపు రా. ఆ అరేని 16 కేబీ నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పో. మామూలు మెషిన్‌లో ఎల్1 దాటినప్పుడు, ఎల్2 దాటినప్పుడు టైమ్ మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మెట్లు లేకుండా 16 కేబీ దగ్గరే ర్యామ్ అంత నెమ్మదిగా ఉంటే, అక్కడ క్యాష్ పనిచేయడం లేదు.

(ప్రశ్న: సార్, వర్చువల్ మెషిన్‌లో చూస్తే ఎంటీఆర్ఆర్‌లు ఖాళీగా ఉన్నాయి. తప్పా?)

తప్పు కాదమ్మా. కెర్నల్ కూడా ఆ సంగతి గుర్తుపట్టి, అన్నీ ఖాళీ, వర్చువలైజ్డ్ సిస్టమ్ అని రాసుకుని ట్రిమ్ చేయకుండా వదిలేస్తుంది. అక్కడ అసలు క్యాష్ సెట్టింగ్ హోస్ట్, అంటే దాన్ని నడిపే అసలు మెషిన్ చేతిలో ఉంటుంది, వెతకాల్సింది హోస్ట్ మీద.

(ప్రశ్న: ఏఎండీలో ఇట్లాగేనా? ఆర్మ్ బోర్డుల్లో?)

ఏఎండీలో 4 జీబీ పైన ఉన్న ర్యామ్ మొత్తాన్ని రైట్ బ్యాక్ అనుకో అని చెప్పే వేరే బిట్ ఉంది, కెర్నల్ దాన్ని చూసి ట్రిమ్ చేయదు. కాబట్టి ఏఎండీ మెషిన్‌లో ఎంటీఆర్ఆర్ ఫైల్ 4 జీబీ దగ్గరే ఆగిపోతే కంగారు పడొద్దు. ఆర్మ్‌లో ఎంటీఆర్ఆర్ అనేదే లేదు, మెమరీ రకం అంతా పేజ్ టేబుల్స్‌లోనే, కాబట్టి బయోస్ వదిలేసిన ముక్క అనే గొడవ ఉండదు. దానికి వేరే గొడవ ఉంది. 64 బిట్ ఆర్మ్‌లో బూట్‌లోడర్ కెర్నల్‌కు పగ్గాలు ఇచ్చేటప్పటికి ఎంఎంయూ, అంటే పేజ్ టేబుల్స్‌ను చూసి అడ్రస్‌లు మార్చే ప్రాసెసర్ భాగం, ఆఫ్‌లో ఉండాలి, కెర్నల్ ఇమేజ్ ఉన్న చోటు క్యాష్‌లోంచి ర్యామ్‌లోకి పూర్తిగా రాసేసి ఉండాలి. సొంతంగా బూట్‌లోడర్ రాసుకునేవాళ్లు ఆ రాసేయడం మర్చిపోతే, కెర్నల్ ర్యామ్‌లో పాత చెత్తను చదువుతుంది, ఒకసారి లేస్తుంది, ఇంకోసారి లేవదు. నెమ్మదించడం కాదు, నిలకడ లేకపోవడం. అట్లా పూటకో తీరుగా ఉంటే క్యాష్ క్లీన్ చేసే కోడ్ వైపు చూడండి.

(ప్రశ్న: బయోస్ కంపెనీకి గానీ కెర్నల్ వాళ్లకు గానీ ఎట్లా చెప్పాలి? చెప్తే వింటారా?)

వింటారు, సరిగ్గా చెప్తే. నా సిస్టమ్ స్లోగా ఉంది అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. డీమెసేజ్ మొదటి లైన్ నుంచి పెట్టాలి, ముఖ్యంగా ఇ820 భాగం కత్తిరించకుండా. ఎంటీఆర్ఆర్ ఫైల్, బూట్ కమాండ్ లైన్, బయోస్ వెర్షన్, తేదీ, ఏ స్లాట్‌లో ఎంత ర్యామ్ ఉంది అనేది. మెమ్ పారామీటర్ పెట్టినప్పుడు ఎంత టైం పట్టింది, పెట్టనప్పుడు ఎంత పట్టింది అనేది. ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యం రాయండి: ఇ820 ప్రకారం 8192 నుంచి 8704 దాకా ర్యామ్ ఉంది, ఏ ఎంటీఆర్ఆర్ కూడా దాన్ని కప్పడం లేదు. బయోస్ రాసే ఇంజనీర్‌కు అది చాలు, ఏ లైన్ మార్చాలో అతనికి తెలిసిపోతుంది. మీలో ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడే తెరవండి, రెండు పట్టీలూ రాసుకుని ఇక్కడ టేబుల్ దగ్గరికి రండి, కలిసి లెక్క కడదాం.